ఆ ఇంటిపేర్లు నెపోలియన్ మీద వేళాకోళం కావు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటిపేర్ల మీద వేసిన వ్యాసం చదివాను. తెలుగు ఇంటిపేర్ల గురించి రాసినదంతా బాగుంది, మా ఇంట్లో అందరం చదివి చర్చించుకున్నాం కూడా. నా అభ్యంతరమల్లా చివర్లో డచ్చివాళ్ల గురించి రాసిన ఒక్క పేరా మీదే. 1811లో నెపోలియన్ అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని హుకుం వేస్తే, జనం ఒళ్లు మండి నోటికొచ్చిన పేరల్లా రాయించారని, నెదర్లాండ్స్‌లో కనిపించే వింత పేర్లూ అరుదైన పేర్లూ అలా పుట్టినవేనని అందులో ఉంది. ఈ కథ ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతోంది, ఆ దేశంలో కూడా చాలామంది నిజమనే నమ్ముతారు. పేపర్లో అచ్చయిందంటే రేపు పిల్లలు స్కూలు ప్రాజెక్టుల్లో యథాతథంగా దించేస్తారు. అందుకే కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, వీలుంటే వేయండి.

హుకుం మాట నిజమే. 1810లో ఆ దేశాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నారు, మరుసటి ఏడాది ఆగస్టు 18న ఉత్తర్వు వచ్చింది. ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి ఎంచుకుని ఊరి అధికారి దగ్గర రాయించుకోవాలి. కుటుంబ పెద్ద వచ్చి ఫలానా పేరు పెట్టుకుంటున్నానని చెబితే అధికారి అది రాసుకుని, దాని కింద కొడుకులు, కూతుళ్లు, మనవలు, ఎవరికి ఎన్నేళ్లు అన్నీ నమోదు చేసేవాడు, చివర్లో సంతకం, రాయడం రాకపోతే రాదని ఒక మాట. ఫ్రీస్‌లాండ్‌లో ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. తన మనవల పేర్లు కూడా రాయిస్తూ, వాళ్లంతా జీవితాంతం మోయాల్సిన పేరును ఏ తాతా సరదాకి పెట్టడు. ఆ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి ఊళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, చేసే పనుల పేర్లే.

అసలు సంగతి ఏమిటంటే, ఆ దేశంలో పడమటి భాగమైన హాలండ్ ప్రాంతంలో జనానికి అప్పటికే చాలాకాలంగా ఇంటిపేర్లు ఉన్నాయి. లేనిదల్లా ఎక్కువగా ఉత్తరాన ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్, డ్రెంతె వైపు, అక్కడ తన పేరు వెనక తండ్రి పేరు తగిలించుకుంటే సరిపోయేది. దీనికి సాక్ష్యం కోసం ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోనక్కర్లేదు. మా బందరులో వలందపాలెం ఉంది, వలందులంటే డచ్చివాళ్లే, వాళ్ల సమాధులు కూడా ఉన్నాయి. 17వ శతాబ్దంలో ఇక్కడ కలంకారీ గుడ్డల వ్యాపారానికి వచ్చి ఈ ఎండలకు, జ్వరాలకు పోయినవాళ్లవి. రాళ్ల మీద పేర్లు చెక్కి ఉంటాయి, కుటుంబ చిహ్నాలు కూడా. నెపోలియన్ పుట్టింది 1769లో. ఆయన పుట్టకముందే ఇంటిపేరు బందరు దాకా తెచ్చుకుని ఇక్కడే మట్టిలో కలిసిన మనుషులు వాళ్లు. భీమిలిలో కూడా ఇలాంటి సమాధులు ఉన్నాయి.

ఎగతాళి పేరుకు ఉదాహరణగా అందరూ చెప్పేది నాక్ట్‌గెబోరెన్. వినడానికి దిసమొలతో పుట్టినవాడు అన్నట్టు ఉంటుంది. అది నెపోలియన్‌కు ముందు నుంచే రికార్డుల్లో ఉన్న పేరు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను చెప్పే జర్మన్ మాట డచ్చి నోళ్లలో నలిగి అలా మారిందని పేర్ల మీద పనిచేసే పండితులు చెబుతారు. అంటే ఎప్పుడో ఒక తల్లి పడ్డ కష్టం ఆ పేరులో ఉంది. దాన్ని పట్టుకుని నవ్వడం నాకు బాధగా ఉంటుంది.

ఇక అరుదైన పేర్ల విషయం. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: పేరు అరుదుగా ఉందంటే ఎవరో కల్పించారని కాదు. ముఖ్యంగా పనిని బట్టి వచ్చిన పేర్లలో, ఆ పని ఊరికి ఎంతమంది చేసేవాళ్లన్నది చూడాలి.

నెదర్లాండ్స్‌లో 2007 నాటి జనాభా రిజిస్టర్ ఆధారంగా లెక్క కట్టిన మొదటి పది ఇంటిపేర్లలో నాలుగు పని పేర్లే. బక్కర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, 55 వేల మందికి పైగా ఉన్నారు. చేపలు పట్టే విస్సర్లు 49 వేల పైచిలుకు, కమ్మరి స్మిట్లు 42 వేల పైన, భూస్వామి తరఫున వ్యవసాయం చూసుకునే మైయర్లు 40 వేలు. అప్పటి జనాభా కోటీ 63 లక్షలు. బక్కర్లందరూ ఒకే వంశం కాదు, ప్రతి ఊళ్లో ఒక రొట్టెల బట్టీ ఉండేది కాబట్టి ప్రతి ఊళ్లోనూ ఒక బక్కర్ కుటుంబం విడిగా మొదలైంది. పైగా ఒకే పనికి ప్రాంతానికో మాట. ఈశాన్యంలో పిండిమర నడిపేవాడు ముల్డర్, పడమట మోలెనార్. ఉత్తరాన స్మిట్ అయిన కమ్మరి, దక్షిణాన లింబుర్గ్‌కు పోతే స్మేట్స్, బెల్జియంలో డె స్మెట్. వీటిని విడివిడిగా లెక్కపెడితే కమ్మరులు తగ్గినట్టు కనిపిస్తారు, తగ్గింది కమ్మరులు కాదు.

వీళ్లందరికీ భిన్నమైన పేరు ఒకటుంది, డైక్‌గ్రాఫ్. బక్కర్‌తో పోలిస్తే బాగా అరుదు. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు రాబర్ట్ డైక్‌గ్రాఫ్ తెలిసే ఉంటారు, 2012 నుంచి 2022 దాకా అమెరికాలో ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి డైరెక్టరు, అంటే ఒకప్పుడు ఐన్‌స్టీన్ పనిచేసిన సంస్థకు, ఆ తర్వాత 2024 దాకా తన దేశానికి విద్యామంత్రి. పుట్టింది రోటర్‌డామ్ పక్కన రిడ్డర్‌కెర్క్‌లో. డైక్‌గ్రాఫ్ అంటే కరకట్టల అధికారి. ఒక ప్రాంతంలో సముద్రానికి, నదులకు అడ్డంగా కట్టిన కట్టలు, కాలవలు, తూములు అన్నిటికీ బాధ్యుడు. రొట్టెలవాడు ఊరికొకడు ఉంటే ఈయన కొన్ని ఊళ్లకు కలిపి ఒక్కడు. పైగా ఆ పదవి దక్కేది ఎక్కువగా పెద్దింటివాళ్లకు, వాళ్లకు అప్పటికే వేరే ఇంటిపేర్లు ఉండేవి, పదవిని పేరుగా పెట్టుకునే అవసరం వాళ్లకేముంది? అందుకే పదవి అంత గొప్పదైనా పేరు మాత్రం కొద్ది కుటుంబాలకే నిలిచింది. ఆ కుటుంబాల్లో కూడా మూలపురుషుడు నిజంగా ఆ పదవిలో ఉన్నాడా, లేక ఆ అధికారి పొలంలో పనిచేశాడా అన్నది ఒక్కో ఇంటికి విడిగా పాత దస్తావేజులు తిరగేస్తే తప్ప తేలదు, పేరు చూసి చెప్పేయకూడదు.

ఆ పని ఎలాంటిదో చెబితే ఆ పేరు విలువ తెలుస్తుంది. ఆ దేశంలో 26 శాతం భూమి సముద్ర మట్టానికి కిందే ఉంది. కట్ట పక్కన పొలం ఉన్న ప్రతి రైతుకు కట్టలో ఇంత భాగమని అప్పజెప్పేవాళ్లు, దాన్ని బాగుచేయడం వాడి పూచీ. డైక్‌గ్రాఫ్ తన నీటి బోర్డు (కట్టలు, కాలవలు చూసుకునే సంఘం) సభ్యులతో కట్ట వెంట నడుచుకుంటూ తనిఖీకి వచ్చేవాడు. గండి పడేలా ఉంటే రైతుకు జరిమానా, అతని ఖర్చుతోనే మరమ్మతు. ఇక నా వల్ల కాదనుకున్న రైతు తన వంతు కట్ట మీదికి పోయి పార దిగేసి వచ్చేవాడు. ఆ పారను ఎవరు పెరికితే పొలం వాళ్లది, ఆ కట్ట బాధ్యతా వాళ్లదే. పొలం వదులుకున్న మనిషి ఇక ఆ ఊళ్లో ఉండేవాడు కాదు. కట్ట కట్టలేనివాడు ఊరు విడవాల్సిందేనని వాళ్లకు సామెత కూడా ఉంది. కఠినంగా అనిపిస్తుంది గానీ, ఒక్కడి వాటాలో గండి పడితే మునిగేది అందరూ. 1953లో జనవరి 31 రాత్రి కట్టలు తెగి అక్కడ 1,836 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోగొట్టుకున్న మా జిల్లా వాళ్లకు ఆ రాత్రి ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పదవి ఇవాళ్టికీ ఉంది. రైన్‌లాండ్ అనే నీటి బోర్డు పేరు 1255 నాటి పత్రంలోనే కనిపిస్తుంది, ఇప్పటికీ పనిచేస్తోంది. 1950 ప్రాంతంలో 2,600 దాకా ఉన్న ఈ బోర్డులను కలుపుకుంటూ వచ్చి ఇప్పుడు 21 చేశారు. నాలుగేళ్లకోసారి జనం ఓట్లేసి సభ్యులను ఎన్నుకుంటారు, 2023 మార్చిలో కూడా జరిగాయి. అధ్యక్షుణ్ని మాత్రం ఆరేళ్లకు రాజుగారి ఉత్తర్వుతో నియమిస్తారు, చాలాచోట్ల ఆయన్ను ఇంకా డైక్‌గ్రాఫ్ అనే పిలుస్తారు. ఇన్ని వందల ఏళ్లుగా పదవి పదవిగానే ఉంటూ పక్కన ఇంటిపేరుగా కూడా బతికున్నవి ఎక్కడైనా ఎన్ని ఉంటాయి?

ఇవన్నీ ఊహలు కావు, చూసుకోవడానికి లెక్కలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మెర్టెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తయారుచేసిన ఇంటిపేర్ల బ్యాంకులో మూడు లక్షలకు పైగా పేర్లున్నాయి. మనకు కావలసిన పేరు కొడితే 1947 జనాభా లెక్కల్లో ఎంతమంది, 2007లో ఎంతమంది, ఏ ఊళ్లో ఎక్కువ అన్నది మ్యాపు మీద రంగుల్లో చూపిస్తుంది. పేరు ఎలా పుట్టిందో తెలిసినంత మేర రాసి ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఐదుగురి కంటే తక్కువ మందికి ఉన్న పేరైతే అసలు సంఖ్య చూపించరు, ఐదులోపు అని మాత్రమే వస్తుంది, ఆ కుటుంబాన్ని ఎవరూ వేలెత్తి చూపకుండా. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. అరుదైన పేర్లు కనుమరుగయ్యే తీరు కూడా ఇలాంటి లెక్కల వల్లే తెలుస్తుంది. తండ్రి పేరే వచ్చే పద్ధతిలో మగపిల్లలు లేని ఇల్లు ఒక్కటి చాలు, చిన్న పేరైతే అక్కడితో ఆగిపోతుంది. 1998 నుంచి అక్కడ తల్లి ఇంటిపేరు కూడా పెట్టుకోవచ్చు, 2024 నుంచి ఇద్దరిదీ కలిపి పెట్టుకునే వీలుంది.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను కాబట్టి ఇంకొక్క సంగతి రాయకుండా ఉండలేను. మన బీటెక్ పిల్లలందరూ పరీక్షల ముందు టెన్షన్ పడుతూ బట్టీ పట్టే షార్టెస్ట్ పాత్ పద్ధతిని, అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి అతి దగ్గరి దారి వెతికే లెక్కను, 1959లో ప్రచురించిన డైక్‌స్ట్రా పేరులో కూడా అదే కరకట్ట ఉంది, కాకపోతే అది పని పేరు కాదు, కట్ట దగ్గరి వాళ్లని చెప్పే ఫ్రీస్‌లాండ్ పేరు. 1957లో పెళ్లి రిజిస్ట్రేషన్‌లో వృత్తి దగ్గర ప్రోగ్రామర్ అని రాస్తే ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అలాంటి వృత్తి లేదని ఒప్పుకోలేదట, చివరికి సిద్ధాంత భౌతికశాస్త్రవేత్త అని రాయించాల్సి వచ్చింది. ఆయనే 1972లో, కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చెప్పుకున్నారు. ఇంటిపేర్లు చట్టంతో గట్టిపడిపోయాక వచ్చిన పనులకు ఇక పేరుగా మారే దారి లేదు, ఉన్నవాటిని కాపాడుకోవడమే.

మన దగ్గరికి వస్తే, తెలంగాణలో నీరటి అనే ఇంటిపేరు వాళ్లున్నారు. చెరువు తూము తీసి వంతులవారీగా ఆయకట్టుకు నీళ్లు పారించే గ్రామ సేవకుణ్ని నీరటి అనేవాళ్లు, పంట నూర్పుళ్లప్పుడు రైతులు ధాన్యంలో అతని వాటాగా మేర కొలిచి ఇచ్చేవాళ్లు. హోదాలో డైక్‌గ్రాఫ్‌కూ ఆయనకూ పోలిక లేదు, పెద్దింటి పదవి కాదది, కానీ నీళ్ల కోసం మనుషులు కొట్టుకోకుండా చూసిన పని రెండిటిలోనూ ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసినప్పుడు వాటి గురించి బోలెడంత రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. నీరటి గురించి రాసినవాళ్లు తక్కువ. ఎంతమంది ఉన్నారో లెక్క తీద్దామన్నా మన రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయింది. ఎన్. రాములు అని ఉంటే ఆ ఎన్ నీరటో, నల్లో, నారాయణమో కంప్యూటరుకు తెలిసేదెలా?

మీరు రెండు పనులు చేయాలని కోరుతున్నాను. ఆ డచ్చి పేరాకు సవరణ వేయండి. అలాగే ఈ ఇంటిపేర్ల పేజీ ఒక్క వారంతో ఆపకుండా, పాఠకుల దగ్గర నుంచి పూర్తి ఇంటిపేరు, సొంతూరు, తాతల నాడు ఆ ఇంట్లో చేసిన పని తెప్పించండి. కులం అడగొద్దు, ఫోను నంబర్లు అచ్చువేయొద్దు, ఒకటి రెండు ఇళ్లకే ఉన్న పేరైతే ఊరు చెప్పకుండా జిల్లా వరకే రాయండి. వచ్చినవాటిని వరుసలో పెట్టి లెక్క తేల్చే పని మా కాలేజీ పిల్లలతో చేయిస్తాను, నీరటి, కరణం, పట్వారీ లాంటి పని పేర్లతో మొదలుపెడదాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మచిలీపట్నం