ఆదివారం ప్రళయకావేరి ట్రిప్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున 5:30కి బాలాజీ కాలనీ సర్కిల్ దగ్గర వ్యాన్ ఎక్కాలి. పుత్తూరు, ఊత్తుకోట, పొన్నేరి మీదుగా పులికాట్. మన పెద్దవాళ్లు ప్రళయకావేరి అనే ఊరు అదే.

కోట చూడాలని ఆశపడి రావద్దు. డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్‌డ్రియా కోటలో ఇప్పుడు మిగిలింది దాదాపు ముళ్లపొదలే. చూడాల్సింది డచ్ శ్మశానం. గేటుకు అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు, లోపల సమాధుల మీద ఓడలకెక్కిన మన బట్టల వ్యాపారం నాటి పేర్లు. పిల్లలు భయపడరు, పెద్దవాళ్ల సంగతే చెప్పలేను!

సరస్సులో పడవ మాత్రం ఎక్కేది లేదు. 2011 క్రిస్మస్ రోజు అక్కడ పడవ బోల్తాపడి చాలామంది పోయారు. బతిమాలినా ఒప్పుకోను. టోపీ, నీళ్లు, పులిహోర ఎవరివి వాళ్లే. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు పెట్టండి.