బయటికి వెళ్ళే తలుపు తీసుందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇస్లాంనూ క్రైస్తవాన్నీ పోలుస్తూ వచ్చిన వ్యాసం చదివాను. క్రైస్తవం ప్రేమ మతం, ఇస్లాం కత్తి మతం అని రచయిత తేల్చేశారు. మర్నాడు చెన్నై సైదాపేటలో మా టీ కొట్టు దగ్గర తెలుగు మిత్రులు నన్ను పట్టుకున్నారు. "మాస్టారూ, మీరు ఏ దేవుణ్ణీ నమ్మరు కదా, ఉన్నదున్నట్టు చెప్పండి, రెండిట్లో ఏది మేలు?" వాళ్ళకు ఏ జవాబు కావాలో మొహాల్లోనే తెలుస్తోంది. పక్కవాడి దేవుణ్ణి తిట్టినంతసేపూ నాస్తికుడంటే అందరికీ ముద్దే.

నేను పుట్టింది ఒంగోలు దగ్గర బాప్టిస్టు ఇంట్లో. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని మా మాదిగ జనానికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువే ఇప్పుడు మురుగు మోసుకుంటూ మైలాపూరు పక్కనుంచి పోతుంది. దాని వాసన తగిలినప్పుడల్లా మావాళ్ళు దేవుడి కోసం చేరారా, గంజి కోసం చేరారా అనుకుంటూ ఉంటాను. గంజి కోసమే అయినా నాకేం చిన్నతనం లేదు. నాస్తికుడైన పెరియార్ దళితులను ఇస్లాంలో చేరమన్నది కూడా అల్లా మీద నమ్మకంతో కాదు, అక్కడైనా మనుషుల్లా చూస్తారని. చేరితే మాత్రం కులం వదిలిందా? తిరుచ్చి మేలపుదూరు క్యాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడ కట్టారు. మనవైపు సయ్యదుల ఇళ్ళలో దూదేకులవాళ్ళకు పిల్లనివ్వడానికి ఎంత నసుగుతారో అందరికీ తెలుసు. ఈ విషయంలో రెండు మతాలూ మన ఊరి నీళ్ళే తాగాయి.

ఇక గ్రంథాల సంగతి. ఏరుకుని పోలిస్తే ఎవరినైనా గెలిపించవచ్చు. వ్యాసకర్త ఖురాన్‌లోంచి యుద్ధం మాటలు, బైబిల్లోంచి శత్రువునూ ప్రేమించమన్న యేసు కొండమీది ప్రసంగం తీసుకున్నారు. దైవదూషకుణ్ణి రాళ్ళతో కొట్టి చంపమన్న లేవీయకాండం 24:16 ఆయన కంటపడలేదు. మతంలో బలవంతం లేదన్న ఖురాన్ 2:256 కూడా పడలేదు.

నేనడిగేది ఒక్కటే. నాకు నమ్మకం పోయిందని చెప్పినవాణ్ణి ఏం చేస్తారు?

నేను చెప్పినప్పుడు పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. అమ్మ ఏడ్చింది. ఇప్పటికీ ఆదివారం ప్రార్థన మనవుల చీటీలో నా పేరు రాసిస్తుంది, షుగరు ముదిరినవాళ్ళ పేర్ల మధ్య. అంతకుమించి ఏమీ జరగలేదు.

నాకో మిత్రుడున్నాడు. నెల్లూరు వైపు నుంచి వచ్చి ట్రిప్లికేన్‌లో టైలరుగా స్థిరపడ్డాడు. ముస్లిం. నాలాగే నమ్మకం పోయినవాడు. రంజాన్ నెలలో మధ్యాహ్నం పూట మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి టీ తాగుతాడు. తాగాక నోరు పుక్కిలించి, మీసం తుడుచుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని మరీ బయల్దేరతాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. 2017లో కోయంబత్తూరులో ముస్లిం కుటుంబంలో పుట్టి నాస్తికుడైన ఒక యువకుణ్ణి నరికి చంపారు. అప్పట్నుంచీ మావాడు ఇంట్లో భార్య దగ్గర కూడా ఈ ఊసు ఎత్తడు.

కాబట్టి ఈ రోజున ముస్లిం ఇంట్లో పుట్టిన నాస్తికుడి బతుకు నా బతుకుకన్నా కష్టమే. ఆ మాట అనడానికి మొహమాటపడే లౌకికవాద మిత్రులతో నాకు పేచీ. మతం విడిచినవాడికి మరణమే శిక్ష అని పాతకాలపు ఇస్లామిక్ న్యాయశాస్త్రజ్ఞులు హదీసులను, అంటే ప్రవక్తవిగా చెప్పే మాటలను, ఆధారం చేసుకుని రాశారు. దాన్ని ఇప్పటికీ చట్టంలో ఉంచుకున్న దేశాలున్నాయి.

అలాగని క్రైస్తవం పుట్టుకతోనే మెత్తనిదనుకుంటే పొరపాటు. 1697లో ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థిని దైవదూషణ నేరం కింద ఉరితీశారు. అప్పుడూ ఇదే బైబిలు, ఇదే కొండమీది ప్రసంగం. తర్వాత మారింది గ్రంథం కాదు, చర్చి చేతిలోని అధికారం పోయింది. ఇంగ్లండులో కూడా ఆ నేరాన్ని చట్టంలోంచి తీసేసింది మొన్నమొన్న, 2008లో. మన దేశం సంగతే చూడండి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం విడాకులకు భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటీ సరిపోయేది. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు అతను కొట్టాడనో వదిలేశాడనో కూడా రుజువు కావాల్సి వచ్చేది. ఆ తేడా పోయింది 2001లో. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2017లో. మధ్యలో పదహారేళ్ళు, అంతే. రెండు చోట్లా కోర్టు మెట్లెక్కింది ఆడవాళ్ళే. వ్యాసంలో వాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

మళ్ళీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఏ కాలాన్ని ఏ కాలంతో, ఏ దేశాన్ని ఏ దేశంతో పోలుస్తున్నారో రచయితను అడగండి. వీలైతే రెండు మతాల్లోంచీ బయటికొచ్చినవాళ్ళ చేత కూడా రాయించండి.

ఈ ఉత్తరం మేమిద్దరం కూర్చునే రాశాం. సంతకం దగ్గరికొచ్చేసరికి మావాడు తన పేరు వద్దన్నాడు. కాసేపాగి, నీ పేరు కూడా వేయించొద్దన్నాడు. నా స్నేహితుడైన టైలరు ఎవరో మా వీధంతా తెలుసు.

- పేరు ప్రచురించవద్దు
సైదాపేట, చెన్నై