టీకా వికటిస్తే ఆ ఇంటివాళ్ళు కోర్టు మెట్లెక్కాల్సిందేనా?

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విశాఖ ఆరిలోవ నుంచి ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) నమస్కరించి రాస్తున్న లేఖ. టీకా వల్ల హాని జరిగిన కుటుంబానికి కోర్టుకెళ్ళకుండానే పరిహారం ఇచ్చే నిధి ఒకటి రాష్ట్రంలో పెట్టమని అడగడానికే ఇది.

బుధ, శనివారాల్లో అంగన్‌వాడీలో టీకాలు వేసేదాన్ని. ఐదు జబ్బుల పెంటావాలెంట్ టీకా తొడకి, క్షయకి వేసే బీసీజీ ఎడమ చేతికి. "అరగంట కూర్చుని వెళ్ళండి, జ్వరమొస్తే పావు బిళ్ళ వెయ్యండి" అని చెప్పేదాన్ని. "ఏటైనా అయితే ఎవుల్ని అడగాల, మేడమ్?" అని ఏ తల్లైనా అడిగితే "ఏమీ కాదులే అమ్మా" అనడమే. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఏమీ కాదు కూడా. పోలియో చుక్కల వల్ల పక్షవాతం రావడమనేది సుమారు 27 లక్షల మొదటి డోసుల్లో ఒకరికి. ఆ చుక్కలతోనే దేశం 2014లో పోలియో రహితమైంది. కానీ ఆ ఒక్క బిడ్డ తల్లికి ఏం చెప్పాలో మాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

తీవ్రమైన కేసు వస్తే వెంటనే జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చెప్తాం, ఫారాలు నింపుతాం. హాని టీకా వల్లా కాదా అన్నది ప్రభుత్వ నిపుణుల కమిటీ తేలుస్తుంది. టీకా వల్లే అని తేలినా ఆ కాగితంతో పైసా రాలదు. కోవిడ్ టీకా తర్వాత పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు సుప్రీంకోర్టుకెళ్తే, సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చని 2022లో కేంద్రం అఫిడవిట్ ఇచ్చింది. కూలి మానుకుని ఎన్నేళ్ళు తిరగాలి?

2020లో కోవిడ్ టీకా కోవాగ్జిన్ తొలి ట్రయల్స్‌కి ఎంపిక చేసిన 12 చోట్లలో మన కేజీహెచ్ ఆసుపత్రి ఒకటి. ట్రయల్‌లో హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలున్నాయి. తర్వాత ఇదే ఊళ్ళో క్యూలో నిలబడి వేయించుకున్నవాళ్ళేం పాపం చేశారు?

హాని జరిగితే డబ్బిస్తామంటే జనం టీకాకి భయపడతారని పెద్ద డాక్టర్లు అంటుంటారు. వీధుల్లో తిరిగినదాన్ని, నాకు కనిపించింది వేరు. మేం మొహం చాటేసిన ఇంటి నుంచే పుకార్లు పుట్టేవి. అమెరికాలో పిల్లల టీకాల మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి డోసుకు 75 సెంట్లు పన్ను వేసి ఇలాంటి పరిహార నిధి నడుపుతున్నారు. అక్కడ టీకాలు ఆగిపోలేదు కదా!

అంత దూరం ఎందుకు? 2020 మే 7న మన విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకైతే, తప్పెవరిదో తేలకముందే చనిపోయినవారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇదే రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఢిల్లీ వైపు చూడలేదు. టీకాకీ అలాగే చెయ్యండి. కోవిడ్ టీకా ఒక్కదానికే కాదు, పిల్లల టీకాలన్నిటికీ. కమిటీ తేల్చేలోగా ఆసుపత్రి బిల్లు ప్రభుత్వమే కట్టాలి.

నిధికి ఆర్థిక శాఖ అనుమతి, ఫైళ్ళు, టైము పడతాయని తెలుసు. కమిటీ నివేదికని తెలుగులో ఆ కుటుంబం చేతికివ్వమని ఉత్తర్వు ఇవ్వడానికి మాత్రం అవేవీ అక్కర్లేదు. దాన్ని ఈ నెలలోనే ఇప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
ఆరిలోవ, విశాఖపట్నం