చూపు పరిశోధన నిధి: 2023 నవంబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 వరకు జమా ఖర్చుల వివరణ

నిధికి చందా ఇచ్చిన దాతలకు, తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు ప్రాంతాల సభ్య కుటుంబాలకు కమిటీ నమస్కారాలు.

మన ఇళ్లలో ఉన్న రేచీకటి జబ్బు మీద పరిశోధన కోసం పెట్టుకున్న ఈ నిధి లెక్క జూన్‌లోనే మీ ముందు పెట్టాల్సింది. ఆ జబ్బు ఏ జీన్ (జన్యువు) వల్ల వచ్చిందో తేల్చే టెస్టుల చివరి బిల్లు సెప్టెంబరు రెండో వారం దాకా తేలలేదు, అందుకే ఆలస్యమైంది. ఈలోగా వాట్సాప్ గ్రూపులో "మా దుడ్లు ఏమైనాయి సామీ?" అని కొందరు అడిగారు. అడగడం వాళ్ల హక్కు. కానీ ఇద్దరు ముగ్గురు అడగకుండానే నిధి పక్కదారి పట్టిందని తీర్పు చెప్పేశారు. ఆ మాటలు కోశాధికారి గారి ఇంట్లో ఆడవాళ్ల దాకా పోయాయి. ఆయన కొడుక్కీ ఇదే జబ్బు. చీకటి పడితే ఆ పిల్లాడు గోడ పట్టుకుని నడుస్తాడు. అట్లాంటి ఇంటి మీద ఆ మాట పడడం మా అందరికీ బాధ కలిగించింది.

జమ వివరాలు: 23 సభ్య కుటుంబాల్లో 19 కుటుంబాలు తలా 5,000 చొప్పున కట్టినది 95,000. దాతలు 178 రసీదుల మీద ఇచ్చినది 3,12,400. ఏడు అంగళ్లలో పెట్టిన డబ్బాల నుంచి 26,850. 2024 అక్టోబరు 10న ప్రపంచ దృష్టి దినం నాడు చేసిన నడకలో 41,300. విదేశాల్లో ఉద్యోగం చేస్తున్న మన ఊరి పిల్లలు ముగ్గురు పంపినది 64,000. బ్యాంకు వడ్డీ 9,450. మొత్తం జమ 5,49,000 రూపాయలు.

డబ్బాలు పెట్టుకోనిచ్చిన అంగళ్ల వాళ్లకు, నడక రోజు మజ్జిగ ఉచితంగా పోసిన అక్కలకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. బైరాగిపట్టెడలో ఒక పూలమ్మే అవ్వ నెలనెలా 50 రూపాయలు ఇచ్చి, ప్రతిసారీ రసీదు అడిగి తీసుకుంది. అందరూ ఆమెలాగే అడిగి తీసుకోవాలని మా కోరిక.

విదేశీ డబ్బు గురించి ఒక మాట. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన జిల్లా డాక్టరు గారొకరు 2,00,000 పంపుతామన్నారు, మేమే వద్దన్నాము. "వచ్చే లక్ష్మిని కాలదన్నారు" అని అన్నవాళ్లు ఉన్నారు. విదేశీ పౌరులు ఇచ్చే విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంఘం మూడేళ్ల పాతదై ఉండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. మనకు రెండూ లేవు. ముందస్తు అనుమతి అనే దారి ఒకటి ఉంది కానీ, దానికి ఫలానా పని కోసమని ఖరారైన ప్రాజెక్టు చూపించాలి. అప్పటికి మన చేతిలో అదీ లేదు. ఆ ముగ్గురు పిల్లలవి భారత పాస్‌పోర్టులే, డబ్బు వాళ్ల సొంత సంపాదన, బ్యాంకు ద్వారానే వచ్చింది. దాన్ని చట్టం విదేశీ విరాళంగా లెక్కపెట్టదు. పాస్‌పోర్టు నకళ్లు ఫైల్లో ఉన్నాయి.

చిన్న ఖర్చులు: సంఘం రిజిస్ట్రేషన్, పాన్, ఆడిట్ కలిపి 18,600. రసీదు పుస్తకాలు, కరపత్రాలు 7,350. హాలు అద్దె మూడుసార్లకు 4,500. నడక రోజు బ్యానర్లు, మైకు 8,200. రక్తం ట్యూబుల కొరియర్, ఐస్ ప్యాకులు 3,900. సమావేశాల్లో టీ, టిఫిన్ ఖర్చు నిధి మీద ఒక్క రూపాయి కూడా పడలేదు, సభ్యులే పెట్టుకున్నారు.

ఇక అందరూ అడుగుతున్న ఖర్చు. 14 మందికి జీన్ టెస్టులు, ఒక్కొక్కటి 15,500 చొప్పున 2,17,000.

మా కరపత్రంలో రాసింది ఇది కాదు. "చూపు తిరిగి తెచ్చే పరిశోధనలో ఒక విద్యార్థికి ఏడాది ఫెలోషిప్" అని రాశాము, అంటే నెలనెలా ఇచ్చే భృతి. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు కేంద్రం ఇచ్చే రేటు నెలకు 37,000. ఇంటి అద్దె భత్యం కలపకుండానే ఏడాదికి 4,44,000 అవుతుంది. ఇప్పుడు నిధిలో మిగిలింది 2,38,000. టెస్టులు చేయించకపోయి ఉంటే 4,55,000 మిగిలేది, ఫెలోషిప్ సరిపోయేది. గ్రూపులో ఈ లెక్క వేసి చూపించిన తమ్ముడి కూడికలో తప్పు లేదు. ఆ మాట ఒప్పుకున్నాకే మా వైపు మాట చెబుతున్నాము.

ఫెలోషిప్ ఇస్తామని మేము మూడు పరిశోధన సంస్థలకు ఉత్తరాలు రాశాము. రెండు చోట్ల నుంచి జవాబు వచ్చింది. ఇద్దరు శాస్త్రవేత్తలూ మొదట అడిగింది ఒకటే ప్రశ్న: "మీ కుటుంబాల్లో ఎంతమందికి ఏ జీన్ వల్ల జబ్బు వచ్చిందో తేలింది?" మా జవాబు సున్నా. మనవాళ్లందరి చేతిలో ఉన్న కాగితం మీద "ఆర్‌పీ" అని రెండక్షరాలే ఉన్నాయి, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా. ఊళ్లో రేచీకటి అంటాము. కంటి తెర మీద చీకట్లో చూసే కణాలు ముందు చనిపోతాయి, తర్వాత చుట్టూరా చూపు ముడుచుకుపోయి గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది. పేరు ఒకటే అయినా, కారణమయ్యే జీన్లు 80కి పైన ఉన్నాయి. ఏ జీన్ అన్నది తెలియకుండా శాస్త్రవేత్త ఏ దారి పట్టుకోవాలి?

2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చిన లక్స్‌టర్నా మందు ఆర్‌పీఈ65 అనే ఒక్క జీన్‌కే పనిచేస్తుంది. అదీ తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడి ఉండి, కంటి తెరలో బతికున్న కణాలు ఇంకా మిగిలి ఉంటేనే. రెండు కళ్లకు కలిపి అక్కడ దానికి మొదట పెట్టిన ధర 8,50,000 డాలర్లు. ఆ మందు కోసం ఇల్లు అమ్మడానికి సిద్ధపడిన తండ్రి మనలోనే ఉన్నారు. ఆయన బిడ్డకు ఆ జీన్ కాదని టెస్టు చెప్పింది. ఆ రోజు ఆయన ఏడ్చారు, కానీ ఇల్లు మిగిలింది.

2021లో మరో రకం ఫలితం వచ్చింది. ఆర్‌పీతో చూపు పోయిన 58 ఏళ్ల మనిషి కంట్లోకి కాంతిని పట్టే ప్రొటీన్ జీన్‌ను పంపి, ప్రత్యేకమైన కళ్లద్దాలు పెడితే బల్ల మీది వస్తువులను గుర్తించి చెయ్యి చాపగలిగాడు. ఇది ఏ జీన్ చెడినా పనికొచ్చే దారి అంటున్నారు. "మరి టెస్టులెందుకు?" అని ఒకరు అడిగారు, మంచి ప్రశ్నే. ఆ దారి ఇంకా పరీక్షల దశలోనే ఉంది. మన పిల్లల కళ్లలో కణాలు ఇంకా బతికే ఉన్నాయి, వాటిని కాపాడే పని జీన్‌ను బట్టే మొదలవుతుంది. అదీ గాక మనలో 15 ఇళ్లలో మేనరికాలున్నాయి. తర్వాతి బిడ్డ గురించి, ఇంట్లో జరగబోయే పెళ్లి గురించి కౌన్సెలింగ్ ఇవ్వాలన్నా జీన్ తెలియాలి.

14 మందిని ఎట్లా ఎంచుకున్నారని మిగిలిన తొమ్మిది కుటుంబాలు అడిగాయి. 18 ఏళ్ల లోపు పిల్లలు 11 మందికి ముందు, తర్వాత చూపు త్వరగా తగ్గిపోతున్న పెద్దవాళ్లు ముగ్గురికి. కమిటీ సభ్యుల పిల్లలు ఆ 11 మందిలో నలుగురున్నారు, దాచడం లేదు. వయసు చూసే తీసుకున్నాము, పట్టిక మినిట్స్ బుక్కులో ఉంది. 14 మందిలో తొమ్మిది మందికి కారణం స్పష్టంగా దొరికింది. ముగ్గురిది ఇంకా అనుమానంగానే ఉంది, ఇద్దరికి ఏమీ దొరకలేదు. ఎవరికి ఏ జీన్ అన్నది ఎవరు అడిగినా చెప్పము, అది ఆ ఇంటి విషయం. కౌన్సెలింగ్ కోసం ఆరు కుటుంబాలు చెన్నై, హైదరాబాద్ వెళ్లి వచ్చిన ఖర్చు 21,450. స్లీపర్ క్లాసు టికెట్లు, బస్సు టికెట్లు వోచర్లకు అంటించి ఉన్నాయి.

దీనికి తోడు 15,000 ఒక దండగ ఖర్చు ఉంది. మేలో పంపిన మూడు ట్యూబులు వరుస సెలవుల్లో కొరియర్ గోడౌన్‌లో చిక్కుకుని ఐదు రోజులు ఎండకు ఉడికాయి. ల్యాబ్‌వాళ్లు రక్తం చెడిపోయింది, మళ్లీ తీసి పంపండి, ఒక్కోదానికి 5,000 అదనం అన్నారు. పొరపాటు మాది కాదని రెండు నెలలు ఫోన్లు చేశాము. కొరియర్ వాళ్లు ట్యూబుకు 100 రూపాయలకు మించి ఇవ్వలేమన్నారు, మేము తీసుకోలేదు. చివరికి కట్టేశాము, ఎందుకంటే ఆ మూడూ పిల్లలవే. వాళ్ల తల్లులు రోజూ "అన్నా, రిపోర్టు వచ్చిందా?" అని అడుగుతుంటే మాకూ టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సెలవులు చూసుకోకుండా పంపడం మా తప్పే. రెండోసారి ఇద్దరు సభ్యులు రాత్రి బస్సెక్కి చేత్తోనే తీసుకెళ్లి ఇచ్చారు, ఆ ఖర్చు వాళ్లు నిధిని అడగలేదు.

శాస్త్రవేత్తలకు ఇవ్వడానికి పరిశోధన ప్రతిపాదన రాసినందుకు 15,000. ఇది కార్యదర్శి గారి మేనకోడలికి ఇచ్చిన మాట నిజమే. ఆ అమ్మాయి రెటీనా (కంటి తెర) మీదే పీహెచ్‌డీ చేసింది. డబ్బు వద్దంటే, మేమే బలవంతంగా ఇచ్చాము. ఆ తీర్మానం చేసేటప్పుడు కార్యదర్శి గారిని బయట కూర్చోమన్నాము, ఆయన సంతకం దాని మీద లేదు. రెండు నెలలు ఆమె తెలుగులో మనవాళ్ల కథలు విని, ఇంగ్లిషులో శాస్త్రవేత్తలకు కావలసినట్టు రాసింది.

ఆ ప్రతిపాదన ఎందుకంటారా? కేంద్రంలో బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లో 2008 నుంచి ఉన్న, పరిశోధకులకు నిధులిచ్చే ఇండియా అలయన్స్, వీటన్నిటిలో పరిశోధనకు డబ్బుంది. కానీ మనలాంటి కుటుంబాల సంఘం అడిగితే ఇవ్వరు. గుర్తింపు ఉన్న సంస్థలో పనిచేసే శాస్త్రవేత్త అడగాలి. మనం ఆ శాస్త్రవేత్త పక్కన నిలబడవచ్చు, ఇదిగో జీన్ తేలిన కుటుంబాలు, రక్తం ఇవ్వడానికీ ఏటేటా కళ్లు చూపించుకోవడానికీ సిద్ధంగా ఉన్నారని చెప్పవచ్చు. 1971లో అమెరికాలో ఫౌండేషన్ ఫైటింగ్ బ్లైండ్‌నెస్ అనే సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యులు కూడా ఇదే జబ్బు ఉన్న ఇద్దరు ఆడపిల్లల అమ్మానాన్నలు, ఇదే జబ్బుతో చూపు పోయిన ఒక వ్యాపారి, ఆయన భార్య. లక్స్‌టర్నా వెనుక తొలినాళ్ల పరిశోధనలో వాళ్ల సంస్థ డబ్బు కూడా ఉంది. వాళ్లకున్న డబ్బు మన దగ్గర లేదు. జబ్బు ఒకటే, ఓపిక మనకూ ఉంది.

మేము ఇవ్వని డబ్బు గురించి కూడా చెప్పాలి. ఒక కుటుంబం స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ కోసం 60,000 సాయం అడిగింది, ఇవ్వలేదు. వాళ్లకు కోపం వచ్చింది, చందా కట్టడం మానేశారు. ఫ్లోరిడాలో ఇట్లాగే డబ్బు కట్టి రెండు కళ్లకూ ఇంజెక్షన్లు వేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకు ఉన్న చూపు కూడా పోయిందని 2017లో వైద్య పత్రికలో వచ్చింది. పరిశోధనలో చేరేవాళ్ల దగ్గర డబ్బు అడిగారంటే అనుమానించాల్సిందే. సాయం అడిగిన ఆ కుటుంబానికి మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది.

ఖర్చు మొత్తం 3,11,000. నిల్వ 2,38,000. ఇందులో ఫిక్సెడ్ డిపాజిట్ 2,00,000, సేవింగ్స్ ఖాతాలో 36,400, చేతిలో నగదు 1,600. డిపాజిట్ సంఘం పేరు మీదే ఉంది, ముగ్గురి సంతకాలు లేకుండా తీయడం కుదరదు.

రావాల్సినవి: మైకులో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని ఇంకా కట్టని హామీలు 1,38,000. ఇందులో తోతాపురి మామిడి అమ్మాక ఇస్తామన్న రైతులవి 22,000 ఉన్నాయి. ఈ ఏడాది కాయ ధర ఎట్లా పడిపోయిందో అందరం చూశాము, వాళ్లను మేము అడగము, వాళ్లు బాధపడవద్దు. మిగిలిన 1,16,000 ఐదుగురు పెద్దమనుషులది. ఒకరి దగ్గరికి ఎనిమిదిసార్లు వెళ్లాము. పేర్లు రాయము. దయచేసి కట్టండి, లేదా ఇవ్వలేమని ఒక్క మాట చెప్పండి, హామీల పట్టికలోంచి తీసేస్తాము. 2,000 మించి నగదు ఇస్తే ఆ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అందుకే చెక్కు గానీ ఫోన్‌పే గానీ అడుగుతున్నాము. ఇంకో ఉద్దేశం లేదు.

ఆ ఇద్దరు శాస్త్రవేత్తల్లో ఒకరు జీన్ తేలిన మన తొమ్మిది కుటుంబాలను చూపించి ఆగస్టులో ప్రభుత్వ నిధికి దరఖాస్తు పెట్టారు. అది మంజూరైతే ఫెలో జీతం అక్కడి నుంచే వస్తుంది, మన 2,38,000తో ఆ కుటుంబాల తల్లిదండ్రులకు టెస్టులు, ఇంకా టెస్టు చేయించని తొమ్మిది కుటుంబాలకు టెస్టులు మొదలుపెట్టవచ్చు. రాకపోతే ఆరు నెలల ఫెలోషిప్ ఇచ్చి, మిగతా ఆరు నెలలకు మళ్లీ మీ గడప తొక్కుతాము. ఈ రెండిట్లో ఏది చేయాలన్నా సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి నిర్ణయించాల్సిందే, కమిటీ సొంతంగా నిర్ణయించదు. ఈసారి కరపత్రంలో ఇచ్చిన మాట మార్చే ముందు మిమ్మల్ని అడగకపోవడం మా లోపం, దానికి క్షమించండి.

నవంబరు 2 ఆదివారం ఉదయం 10 గంటల నుంచి కొర్లగుంటలో మనం ఎప్పుడూ కూర్చునే హాలులో క్యాష్ బుక్, వోచర్లు, బ్యాంకు పాస్‌బుక్, ల్యాబ్ బిల్లులు బల్ల మీద పెడతాము. టెస్టు రిపోర్టులు తప్ప ఏ కాగితమైనా తీసి చూడవచ్చు, ఫోటో తీసుకోవచ్చు. చూపు లేని సభ్యుల కోసం లెక్క మొత్తం ఇద్దరు కాలేజీ పిల్లలు చదివి వినిపిస్తారు. రసీదు అందనివారు వచ్చి చెప్పండి, రసీదులో మొత్తం తేడాగా ఉన్నవారు తమ రసీదు నంబరు తెచ్చుకోండి.

ఇట్లు,
కమిటీ తరఫున
అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి
తిరుపతి