నీళ్లు తాగమని బెల్ కొట్టారు సరే... మంత్రిగారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. విశాఖపట్నంలో ఒక కొండవాలు వీధి నుంచి రాస్తున్నాను. ఇంతకుముందు నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. వాటికి నంబర్లున్నాయి, రసీదులున్నాయి, నా ఫోన్లో మెసేజ్‌లు కూడా ఉన్నాయి. నాలుగు మెసేజ్‌లలోనూ ఒకటే మాట: "మీ సమస్య పరిష్కరించబడినది." సమస్య ఉన్నది మా పాప చదివే బడి బాత్రూంలో. పరిష్కారమైంది మీ కంప్యూటర్‌లో. ఆ రెండింటికీ ఒకసారి పరిచయం చేయిద్దామని ఈ ఉత్తరం.

మా పాపకి ఆరేళ్లు. ఒకటో తరగతి. దానికి బాత్రూం అలవాట్లు నేర్పడానికి నాకు దగ్గర దగ్గర మూడేళ్లు పట్టింది. నవ్వకండి సార్, పిల్లల్ని పెంచినవాళ్లకి తెలుస్తుంది. రెండున్నరేళ్లప్పుడు పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి ప్లాస్టిక్ పాటీ కుర్చీ కొనుక్కొచ్చాను. మొదటి నెలంతా దాన్ని బండి చేసుకుని ఇల్లంతా ఈడ్చింది. తిట్టొద్దన్నారు డాక్టరమ్మ. తిడితే భయపడి ఆపుకోవడం నేర్చుకుంటారట, ఆపుకుంటే మలం గట్టిపడి నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం. తిన్న కాసేపటికి కూర్చోబెట్టమన్నారు, కడుపులో అన్నం పడగానే పేగులు కదులుతాయి కాబట్టి అప్పుడు తేలిగ్గా అవుతుందని. అలాగే చేశాం. అవ్వని రోజు అవ్వలేదు, అయిన రోజు చప్పట్లు కొట్టాం.

కడుక్కోవడం నేర్పడం ఇంకో యుద్ధం. ఆడపిల్ల కదా, ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. అటుది ఇటు చేస్తే మలంలో ఉండే క్రిములు మూత్రం దారిలోకి వెళ్తాయి. ఈ ఒక్క ముక్క ఎక్కించడానికి దాని బొమ్మని బాత్రూంలో కూర్చోబెట్టి ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. మామూలు మగ్గు నిండా నీళ్లు పడితే దాని చెయ్యి వాలిపోయేది, అందుకని టీ గ్లాసంత మగ్గు వెతికి తెచ్చాను. చివర్లో సబ్బు. ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు రుద్దాలని చెప్పాను. పదమూడు దాకా వచ్చి ఆగిపోయేది, తర్వాత అంకె గుర్తురాక. మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ రోజుల్లో మా ఇంట్లో సబ్బు రెట్టింపు ఖర్చయ్యేది. అయితేనేం, అది ఇరవై దాకా అంకెలు నేర్చుకున్నది మా పంపు దగ్గరే.

మా అత్తగారు ఇదంతా చూసి, "మా రోజుల్లో గెడ్డ ఒడ్డుకి పోయేవోలం, ఎవులికి ఏ రోగాలొచ్చాయి?" అనేవారు. వచ్చినవాళ్లు చెప్పడానికి ఉండాలి కదా అత్తయ్యా అని నేను అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ ఫోన్లో చదవరు.

అలా తయారుచేసిన పిల్లని జూన్‌లో బడికి పంపాను. రెండో వారం నుంచి ఒకటి గమనించాను. పొద్దున నేను నింపిన నీళ్ల బాటిల్ సాయంత్రానికి నింపింది నింపినట్టే తిరిగొస్తోంది. ఒకరోజు అడిగాను.

"ఎందుకు తాగలేదమ్మా?"

"తాగితే ఒస్తాది కదమ్మా."

"వస్తే వెళ్లాలి."

"అక్కడ నీళ్లుండవమ్మా. ఇంటికొచ్చి పోస్తాను."

నమ్మలేక మర్నాడు నేనే వెళ్లి చూశాను. అది నా కళ్లతో చూసినట్టే మీకు చెప్పాలి, ఎందుకంటే మీ కంప్యూటర్‌లో ఉన్న ఫోటో నాకు తెలుసు, అది వేరే బాత్రూంలా ఉంటుంది. టైల్స్ ఉన్నాయి. తలుపు ఉంది. తలుపుకి గడియ ఉండాల్సిన చోట రెండు కన్నాలున్నాయి. అందుకని ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్తారు, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. బయటున్న పిల్ల మధ్యలో ఆటలోకి పరిగెడితే లోపలున్న పిల్ల గతి ఏమిటో మీరే ఊహించుకోండి. పాన్ పెద్దవాళ్లది. అడుగులు వేసుకునే దిమ్మెలు ఎంత ఎడంగా ఉన్నాయంటే ఆరేళ్ల పిల్ల రెండు కాళ్లూ చాపి, పడిపోకుండా తడిగోడ పట్టుకుని కూర్చోవాలి. ఆ గోడ పట్టుకున్న చేత్తోనే తర్వాత మధ్యాహ్న భోజనం. కొళాయి తిప్పితే గాలి శబ్దం వచ్చింది. మేడ మీద ట్యాంకు ఉంది, కిందనుంచి నీళ్లెక్కించే మోటారు కాలిపోయి ఉంది.

మూలన ఒక నీలం డ్రమ్ము పెట్టారు. సగానికి నీళ్లు, వాటి మీద దోమపిల్లలు. డ్రమ్ము చెవికి తాడు, ఆ తాడు చివర మగ్గు. మగ్గు ఎవరూ ఎత్తుకుపోకుండా కట్టారు, మంచిదే. కానీ సార్, ఆ తాడు పాన్ దాకా రాదు! పిల్ల లేచి, బట్టలు ఎత్తి పట్టుకుని, డ్రమ్ము దగ్గరికి నడిచి రావాలి. వస్తే మగ్గు ముంచడానికి డ్రమ్ము దాని గడ్డం ఎత్తు ఉంది. ముందు నుంచి వెనక్కా, వెనక నుంచి ముందుకా అని నేను మూడేళ్లు నేర్పిన పాఠం అక్కడ ఎందుకు పనికొస్తుంది?

ఆయాని అడిగాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. నెలకి 6,000, అదీ ఏ నెలది ఏ నెలలో వస్తుందో ఆవిడకే తెలీదు. "ఏటి సేత్తానమ్మా, కిందనుంచి రెండు బిందెలు ఎత్తుకొచ్చీసరికి నడుం పడిపోతంది" అంది. మా వీధికి నూట నలభై మెట్లు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి.

ఇక గోడ మీద బొమ్మ సంగతి. బాత్రూం బయట చేతులు కడుక్కునే పద్ధతి రంగుల్లో వేయించారు. అరచేతులు, వేళ్ల సందులు, గోళ్లు అన్నీ వరసగా ఉన్నాయి. బొమ్మలో కొళాయి నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ బడి మొత్తంలో నీళ్లొస్తున్న కొళాయి అదొక్కటే. అక్టోబర్ 15న చేతులు కడుక్కునే దినోత్సవం కూడా దాని ముందే జరిపారు. సబ్బు తెచ్చారు, ఫోటో అయ్యాక పట్టుకెళ్లిపోయారు. ఆరోజు మా పాప ఇంటికొచ్చి, "అమ్మా, ఈరోజు నీళ్లు లేకుండా కడుక్కున్నాం" అని చెప్పింది. దానికదో కొత్త ఆట అనుకుంది.

వాటర్ బెల్ సంగతి మీకు తెలిసిందే కదా. ఎండలకి పిల్లలు వడలిపోకుండా బెల్ కొట్టి మరీ నీళ్లు తాగించమన్నారు. ఎవరికి తట్టిన ఆలోచనో గానీ దండం పెట్టాలి. బెల్ మోగగానే టీచరమ్మ ఒక్కొక్కరి చేతా తాగించారు. బుద్ధిగా తాగారు పిల్లలు. తాగిన నీళ్లు ఎటు పోవాలి సార్? దానికి ఏ బెల్ కొడతారు? మా పాప బాటిల్ ఎత్తి, మూతి తడుపుకుని, తాగినట్టు నటించడం నేర్చుకుంది. మూడేళ్లు నేను నేర్పిన దానికి మీ బడి నేర్పిన మొదటి సవరణ అది.

దసరా సెలవులకి ముందు జ్వరం వచ్చింది. పోసేటప్పుడు మంట అని ఏడ్చింది. మళ్లీ రాత్రి పక్క తడపడం మొదలైంది, ఎప్పుడో నాలుగో ఏట మానేసిన పిల్ల. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. "నీళ్లు బాగా తాగించండి, ఆపుకోనివ్వకండి, రెండు మూడు గంటలకోసారి పంపించండి" అన్నారు డాక్టరమ్మ. ఎక్కడికి పంపించమంటారు అని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆవిడ కాదు కదా.

డబ్బు లేదంటారా? 2025 జూన్‌లో, బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం కింద మా పెద్దవాడి పేరున నా ఖాతాలో 13,000 పడ్డాయి. 15,000లో మిగతా 2,000 బడికి, బాత్రూంల నిర్వహణకి అన్నారు. సరే అన్నాం. నేనైతే సంతోషంగా సరే అన్నాను, పిల్లల బాత్రూంకి కాకపోతే దేనికిస్తాం? ఆ రెండు వేలు తిరిగివ్వమని ఇప్పుడూ అడగడం లేదు. అందులో ఒక మోటారు చుట్టించండి చాలు. మా తల్లులమే చందాలు వేసుకుని బాగుచేయిస్తామంటే, "పై నుంచి ఆర్డర్ లేకుండా ముట్టుకుంటే రేపు ఆడిట్‌లో నన్నడుగుతారమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన్నీ తప్పుపట్టలేను.

రెండో అర్జీ తర్వాత ఒక అధికారి వచ్చారు. ఆ పొద్దున ఎవరో ముందే చెప్పినట్టున్నారు, డ్రమ్ము నిండుగా ఉంది, కొత్త సబ్బు ఉంది, దోమపిల్లలు సెలవు మీద వెళ్లాయి. నేను మెట్లెక్కి వచ్చేసరికి ఆయన దిగిపోతున్నారు. "కొళాయి తిప్పి చూశారా సార్?" అని అడిగాను. "ఫోటో తీశానమ్మా" అన్నారు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. పరిష్కరించబడినది.

మన విశాఖకి స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో పెద్ద నగరాల్లో నాలుగో ర్యాంకు వచ్చింది. మాకూ గర్వమే. బీచ్ రోడ్డులో పొద్దున్నే ఊడ్చే అక్కల్ని చూస్తే ఇంకో ర్యాంకు ఇవ్వాలనిపిస్తుంది. సర్వే వాళ్లు మా నూట నలభై మెట్లు ఎక్కి ఉండరు, వాళ్లనీ అనలేం. ప్రతి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని మా పిల్లల చేత ప్లకార్డులు పట్టించి వీధిలో తిప్పుతారు. మా పాప పట్టుకున్న ప్లకార్డు మీద "పరిశుభ్రతే ఆరోగ్యం" అని ఉంది. ర్యాలీ అయ్యాక ఆపుకోలేక ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేస్తారు కదా. తప్పకుండా వేయించండి, నేను ఎప్పుడూ వద్దనలేదు. కానీ ఆ పురుగుల గుడ్లు గోళ్లలోంచి, కడగని చేతుల్లోంచే కదా మళ్లీ కడుపులోకి వెళ్లేది. ఆ ఆల్బెండజోల్ మాత్ర నమిలించి మింగించిన గంటకి అదే చేత్తో అన్నం తింటున్నారు. చేతులు కడుక్కోకుండా.

నాకు స్కీములు తెలియవు, మీకు తెలుసు. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త బొమ్మలు అసలే వద్దు. కొళాయిలో నీళ్లు రావాలి. తలుపుకి గడియ, పిల్లకి అందే ఎత్తులో. చిన్నపిల్లల కాళ్లకి సరిపోయే పాన్ ఒక్కటైనా. ఆయాకి జీతం నెలనెలా. సబ్బు ఫోటోకి కాకుండా రోజూ. ఏదో ఒకటి చేయండి సార్, ఏదైనా పర్లేదు, నీళ్లు మాత్రం రప్పించండి. ఇంట్లో నేర్పడం మా బాధ్యత అని మీరు మీటింగుల్లో అంటుంటారు. ఒప్పుకుంటున్నాను. మా వంతు మేం చేశాం. మీరు కాస్త చెడగొట్టకుండా ఉంటే చాలు.

వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే చోటికి మళ్లీ వస్తున్నాను. ఈసారి టేపు పెట్టి కొలిచి తెస్తున్నాను. డ్రమ్ముకీ పాన్‌కీ మధ్య నాలుగున్నర అడుగులు, తాడు రెండడుగులు. మోటారు ఫైలు కదలడానికి టైం పడుతుందంటే సరే, ఈలోపు తాడు పొడవు పెంచుకోవడానికి పై నుంచి ఒక ఆర్డర్ ఇప్పించండి. తాడు మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒకటో తరగతి పాప తల్లి,
విశాఖపట్నం