బినైన్ అని రాసి ఉన్నా గర్భసంచి తీసేస్తున్నారు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ 'రిపోర్టులో బినైన్ అని ఉంటే హాని లేదని అర్థం, టెన్షన్ పడొద్దు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బినైన్ అంటే ఆ గడ్డ క్యాన్సర్ కాదని, ఒంట్లో ఇంకోచోటికి పాకదని మాత్రమే. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమాలు చాలావరకు బినైనే. అయినా పెరిగి మెదడును నొక్కితే ఫిట్స్ రావచ్చు, చూపు పోవచ్చు. అలాంటివాళ్లు మీ జవాబు చదివి ఊరుకుంటే ఎవరిది బాధ్యత?

ఇక రెండోవైపు చూడండి. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్లనే గడ్డలూ బినైనే. అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ఇబ్బంది పెట్టకపోతే చాలామందికి వైద్యమే అక్కర్లేదు, ముట్లు ఆగిపోయాక సాధారణంగా అవే చిన్నవవుతాయి. బ్లీడింగ్ ఎక్కువైతే మందులున్నాయి, గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. మా చెల్లెలి కోడలికి ఇవేవీ చెప్పలేదు. ఇంగ్లీషు రిపోర్టు చేతిలో పెట్టి, 'వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది' అన్నారు. ఆ పిల్ల హడలిపోయి సంతకం పెట్టింది. ముప్పై నాలుగేళ్లకే గర్భసంచి తీసేశారు. ఆ రిపోర్టులో బినైన్ అనే రాసి ఉంది.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి 2022లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలట. మా జిల్లా కమిటీలో ఎవరున్నారని అడగడానికి వెళితే ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తిప్పారే తప్ప ఒక్కరూ జవాబివ్వలేదు. పథకాల ఫ్లెక్సీలన్నీ చక్కటి తెలుగులో వేయిస్తారు. స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీ, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం మాత్రం ఇంగ్లీషులోనే. చదువుకున్నవాళ్లమే బోల్తా పడుతుంటే కూలికి వెళ్లే ఆడవాళ్ల సంగతేమిటి?

మీరు ఆ జవాబును అదే పేజీలో సరిదిద్దండి. జిల్లాలవారీగా ఆ కమిటీల సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అధికారుల దగ్గర రాబట్టి అచ్చు వేయండి.

– ఒక రిటైర్డ్ టీచర్, నరసరావుపేట