నదీముఖ పట్టణాల కథనాలలో పోటు వేళలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల కాలం దగ్గరపడగానే పత్రికల పర్యాటక పేజీలలో, నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పట్టణాల గురించిన కథనాలు వరుసగా వస్తుంటాయి. ఎలా చేరుకోవాలి, ఎక్కడ బస చేయాలి, ఏ నెలలో వాతావరణం అనుకూలంగా ఉంటుంది, పడవ షికారు, కయాకింగ్, పక్షుల వీక్షణ, ఇసుక తిన్నెల మీద నడక వంటివాటిలో ఏవి అందుబాటులో ఉన్నాయి అన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి. అయితే అక్కడ నీటి మీదికి వెళ్లాలన్నా, నీటి అంచున నడవాలన్నా అన్నిటికంటే ముందు తెలియవలసిన విషయం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఆ రోజు సముద్రపు నీరు ఎక్కే పోటు ఎప్పుడు, నీరు తీసే ఆటు ఎప్పుడు అన్నదే ఆ విషయం. ఈ లోటును మీ దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల క్రితం అటువంటి ఒక పట్టణంలో నేనూ ఒక స్నేహితుడూ కయాక్ అద్దెకు తీసుకున్నాం. ఉదయపు ఎండ ఇంకా ముదరలేదు, గాలి లేదు, నీరు సముద్రం వైపు సాగుతోంది; తెడ్డు పెద్దగా వేయకుండానే పడవ దూసుకుపోతుంటే మా నైపుణ్యానికి మేమే మురిసిపోయాం. గంట తరువాత పడవను వెనక్కి తిప్పి ఎంత బలంగా తెడ్డు వేసినా, గట్టు మీద మేము గుర్తు పెట్టుకున్న చెట్టు మాకు ఎదురుగానే నిలబడి ఉంది. ప్రవాహం తక్కువగా ఉంటుందని పక్క పాయలోకి తప్పుకుంటే, అక్కడి నీరు మా కళ్ల ముందే తీసి, పడవ బురదలో కూర్చుంది. దిగి తోద్దామని కాలు పెడితే మోకాలి దాకా దిగబడింది. దానిని వెనక్కి లాక్కోవడమే గగనమైంది. మళ్లీ పోటు వచ్చి పడవను లేపేవరకు నాలుగు గంటలకు పైగా ఎండలో కూర్చున్నాం. పడవ ఇచ్చినవారు లైఫ్ జాకెట్లు తొడిగించారు, కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో కూడా చెప్పారు. నీరు ఎప్పుడు తిరుగుతుందో వారు చెప్పలేదు, మేమూ అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న అని తెలిస్తే కదా!

ఇందులో శాస్త్ర పాండిత్యం అవసరమైనది ఏమీ లేదు. చాలా తీరాలలో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కనుక, ప్రతిరోజూ పోటు ముందు రోజుకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజుకు ఒక్కసారే పోటు వచ్చే తీరాలు కూడా కొన్ని ఉన్నాయి. నిన్న ఉదయం పది గంటలకు నిండుగా కనిపించిన రేవు ఈ రోజు అదే వేళకు అలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. నీరు పెరగడం, తగ్గడం కూడా ఒకే వేగంతో జరగవు. ఆరు గంటల ఆటును పన్నెండు వంతులుగా లెక్కిస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒక వంతు నీరు తగ్గుతుందని నావికులు అంచనా వేస్తారు. అంటే మధ్యనున్న రెండు గంటలలోనే సగం నీరు కదిలిపోతుంది. మేము ముచ్చటపడి కిందికి సాగింది సరిగ్గా ఆ రెండు గంటలలోనే. ఇక అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులలో పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, ఆటు మరింత లోతుకు పోతుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా తగ్గుతుంది. తిథి తెలిసినవారికి ఆ రోజు నీటి ఉరవడి ఎలా ఉంటుందో సగం తెలిసినట్టే.

నదిలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. పోటు వేళల పట్టికలో ఇచ్చే వేళ సాధారణంగా సముద్రపుటొడ్డున ఉన్న ఏదో ఒక రేవుకు సంబంధించినది. నది లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది; చాలా నదులలో అది త్వరగా ఎక్కి, నెమ్మదిగా, ఎక్కువసేపు తీస్తుంది. పైన వానలు కురిసినా, జలాశయం గేట్లు ఎత్తినా ఆటుకు ఆ వరద కూడా కలుస్తుంది. పట్టిక సూర్యచంద్రుల ఆకర్షణను మాత్రమే లెక్కగడుతుంది, గాలినీ వరదనూ కాదు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. నది తెచ్చిన ఇసుక అక్కడ నీటి అడుగున దిబ్బగా మేట వేస్తుంది. ఆటు వేళ బయటికి ఉరికే నీరు, లోపలికి వచ్చే అలలకు ఎదురై, ఆ దిబ్బ మీద అలలు నిటారుగా లేచి విరుగుతాయి. అరగంట ముందు ప్రశాంతంగా ఉన్న చోటే అలా మారిపోతుంది. అమెరికా పశ్చిమ తీరంలో కొలంబియా నది మొగ పరిసరాలకు పసిఫిక్ శ్మశానం అన్న పేరు ఊరికే రాలేదు. ఇప్పటికీ పెద్ద ఓడలను ఆ దిబ్బ దాటించడానికి అక్కడి నీటి దారి తెలిసిన ప్రత్యేక పైలట్లు ఓడ ఎక్కుతారు, కల్లోల సముద్రంలో ప్రాణరక్షక పడవలు నడపడంలో ఆ దేశపు తీరరక్షక దళం తన సిబ్బందికి శిక్షణ ఇచ్చేది కూడా అక్కడే.

నడిచేవారికి కూడా ఇది వర్తిస్తుంది. నది తెచ్చే సన్నని బంకమట్టి రేణువులు ఉప్పునీటిని తాకగానే ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. నదీముఖాలలోని మెత్తని బురద అలా తయారైనదే. పైకి గట్టిగా కనిపించే ఆ నేల మీద ఆటు వేళ ఎంతో దూరం నడిచిపోవచ్చు, కాని తిరిగి వచ్చే పోటు ఎదురుగా మాత్రమే రాదు; వెనుకనున్న పల్లపు పాయలను ముందుగా నింపి, ఒడ్డుకు దారి మూసేస్తుంది. ఇంగ్లండులోని మోర్‌కామ్ అఖాతంలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి గుల్లలు ఏరుకుంటున్న చైనా కూలీలలో కనీసం 21 మంది ఇలాగే పోటుకు చిక్కి మరణించారు. ఆ ఇసుక మైదానాల మీదుగా జనాన్ని దాటించడానికి 16వ శతాబ్దం నుంచీ అధికారికంగా ఒక మార్గదర్శిని నియమిస్తూ వస్తున్నారంటే, దారి తెలిసినవారి అవసరం అక్కడ ఎంతటిదో అర్థమవుతుంది.

పోటు వేళలు తెలియడం ప్రమాదం తప్పించుకోవడానికే అనుకోనక్కరలేదు. మడ అడవుల సన్నని కాలువలలోకి పడవలో వెళ్లాలంటే నిండు పోటు కావాలి. ఒడ్డు పక్షులను చూడాలంటే ఆటు తీసి బురద నేల బయటపడాలి. పోటు ఎక్కినప్పుడు ఆ పక్షులన్నీ మిగిలిన కాస్త ఇసుక తిన్నె మీద గుమిగూడి విశ్రాంతి తీసుకుంటాయి. సరిగ్గా ఆ తిన్నె మీదే మనం పడవ ఆపి, డ్రోన్ ఎగరేసి వాటిని లేపేస్తుంటాం. అది వాటికి చిన్న ఇబ్బంది కాదు. 2022లో గాడ్‌విట్ అనే ఒడ్డు పక్షి పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు 11 రోజులలో ఎక్కడా దిగకుండా ఎగిరింది. అంతటి ప్రయాణాలు చేసే పక్షులు అందుకు కావలసిన కొవ్వును ఇటువంటి బురద నేలల మీదే కూడబెట్టుకుంటాయి. ఊరికే లేచి ఎగిరిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. నదీముఖ పట్టణం గురించి కథనం వేసిన ప్రతిసారీ, ఆ వారపు పోటు, ఆటు వేళలను ఒక చిన్న పెట్టెలో ముద్రించండి. ఆ వేళలు ఏ రేవుకు సంబంధించినవో, ఆ పట్టణానికి పోటు ఎంత ఆలస్యంగా చేరుతుందో స్థానిక పడవవారిని అడిగి రాయండి. మొగ దాటి బయటికి పోకూడని వేళలను కూడా చేర్చండి. తీరదేశాల జలమాపక సంస్థలు ఏడాదికి సరిపడా పట్టికలను ముందుగానే వెలువరిస్తాయి కనుక ఇది అసాధ్యమైన పని కాదు. పాఠకులకు అంకెలు విసుగు పుట్టిస్తాయన్న అభ్యంతరం రావచ్చు. సూర్యోదయ, సూర్యాస్తమయాల వేళలను ఎవరికీ విసుగు లేకుండానే పత్రికలు ముద్రిస్తున్నాయి కదా. కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు 16 మీటర్ల వరకు ఎక్కి దిగుతుంది. అక్కడి హోప్‌వెల్ శిలల దగ్గర సముద్రపు అడుగున నడవడానికి వచ్చేవారికి ఏ వేళ నుంచి ఏ వేళ వరకు దిగవచ్చో ముందే ప్రకటిస్తారు. జనం ఆ వేళలను చూసుకునే ప్రయాణం పెట్టుకుంటారు.

పడవలు అద్దెకిచ్చే చోట పలక మీద సుద్దముక్కతో ఆనాటి వేళలు రాసి పెట్టినా చాలు. అలా రాయాలని మీ విలేఖరి అక్కడివారిని ఒకసారి అడిగి, వారేమన్నారో కూడా ప్రచురిస్తే సంతోషిస్తాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు